జైల్లో మంచి నడవడికకు ప్రతిఫలం: ఎప్పుడు పనిచేస్తుంది, ఎందుకు బెడిసికొడుతుంది

మన జైళ్లలో మంచి నడవడికకు దొరికే ప్రతిఫలాన్ని రోజుల్లో లెక్కగడతారు. కేంద్ర హోంశాఖ 2016 నాటి మోడల్ ప్రిజన్ మాన్యువల్ ప్రకారం, శిక్ష పడిన ఖైదీ క్రమశిక్షణతో ఉంటే నెలకు 3 రోజులు, అప్పగించిన పని సరిగ్గా చేస్తే మరో 3 రోజులు శిక్షలోంచి తగ్గుతాయి. ఈ తగ్గింపునే రెమిషన్ అంటారు. వంటశాల, పారిశుద్ధ్యం లాంటి, ఆదివారమైనా పండగైనా ఆగని పనుల్లో ఉన్నవారికి నెలకు 8 రోజులు. ఏడాది పొడవునా జైలు నేరమేదీ నమోదు కాకపోతే అదనంగా 30 రోజులు. నెలకు 6 చొప్పున 72, దానిమీద 30, వెరసి ఏడాదికి 102 రోజులు. ఏడేళ్ల శిక్ష పడ్డ మనిషి ఏ మచ్చా లేకుండా నెట్టుకొస్తే కాగితం మీద అయిదున్నరేళ్లకు అటూ ఇటూగా బయటపడవచ్చు. రాష్ట్రాల నిబంధనల్లో ఈ అంకెలు మారుతుంటాయి. గరిష్ఠ పరిమితులుంటాయి, కొన్ని నేరాలకు మినహాయింపులూ ఉంటాయి.

స్వేచ్ఛను మించిన బహుమతి జైల్లో ఇంకొకటి లేదు. అంత విలువైనది చేతిలో ఉన్నా, నడవడిక మార్చడానికి దాన్ని సరిగ్గా వాడుకోవడం లేదు. రెమిషన్ ఎందుకు వచ్చిందో ఖైదీకి తెలియదు, ఎందుకు పోయిందో మాత్రమే తెలుస్తుంది. శిక్షల రిజిస్టర్‌లో పేరు ఎక్కనంతకాలం ఆ రోజులు వాటంతటవే జమవుతూ పోతాయి. బ్యారక్‌లో గొడవ ముదురుతుంటే చూసి పక్కకు తప్పుకున్నవాడికీ, నలభై ఏళ్ల వయసులో అక్షరాలు దిద్దడం మొదలుపెట్టినవాడికీ, గోడకు చేరగిలబడి నెలంతా గడిపేసినవాడికీ నడవడిక ఖాతాలో పడేది ఒకటే లెక్క. అది అనుభవంలోకి వచ్చేది శిక్ష చివర్లో, ఏళ్ల తర్వాత. 1894 నాటి జైళ్ల చట్టం 46వ సెక్షన్ రెమిషన్ కోతను శిక్షల జాబితాలో చేర్చింది. అందుకని ఆచరణలో ఇది బహుమతిగా కన్నా బెదిరింపుగా ఎక్కువ పనిచేస్తుంది. బెదిరింపు జైలును కొంత ప్రశాంతంగా ఉంచగలదు గానీ, ఒక మనిషికి లేని అలవాటును నేర్పలేదు.

ప్రతిఫలంతో నడవడిక మార్చడం గురించి శాస్త్రం చెప్పేది నిజానికి చాలా సాదాగా ఉంటుంది. ఏ పనికి ఇస్తున్నారో ఆ పని కంటికి కనబడాలి. చేసిన వెంటనే, కనీసం ఆ రోజు ముగిసేలోపు, ప్రతిఫలం జమ కావాలి. డ్యూటీలో ఎవరున్నా అదే పనికి అంతే రావాలి. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగశాలలో తేల్చిన ఈ సూత్రాలను 1960లలో ఇలినాయ్ రాష్ట్రంలోని ఆనా ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో ఐయాన్, అజ్రిన్ అనే ఇద్దరు వార్డు స్థాయికి తెచ్చారు. రోగి తన పని తాను చేసుకుంటే ఒక టోకెన్, ఆ టోకెన్‌తో తనకు కావలసింది కొనుక్కునే వీలు. అక్కణ్నుంచి ఆ పద్ధతి జైళ్లకు పాకింది.

మార్కుల జైలు

నిజానికి జైల్లో ఇలాంటి ఆలోచన అంతకు వందేళ్ల ముందే మొదలైంది. ఆస్ట్రేలియాకు తూర్పున పసిఫిక్ సముద్రంలో నార్ఫోక్ దీవి ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం మరీ మొండివాళ్లనుకున్న ఖైదీలను అక్కడికి పంపేది. 1840లో ఆ జైలు బాధ్యతలు తీసుకున్న అలెగ్జాండర్ మకానకీ శిక్షను ఏళ్లలో కాక మార్కుల్లో కొలవాలన్నాడు. ఏడేళ్ల శిక్షకు 6,000 మార్కులు, పదేళ్లకు 7,000, యావజ్జీవానికి 8,000. కష్టపడి పనిచేసి, సవ్యంగా మసలుకుంటే మార్కులు పెరుగుతాయి. వాటిలో కొన్ని ఖర్చుపెట్టి మెరుగైన తిండి కొనుక్కోవచ్చు, లేదా కడుపు కట్టుకుని దాచి విడుదలను దగ్గర చేసుకోవచ్చు. ఈ రోజు తిండా, రేపటి స్వేచ్ఛా అన్న నిర్ణయం ఖైదీదే. బయటి ప్రపంచంలో డబ్బుతో, కాలంతో మనిషి రోజూ చేసే బేరాన్ని జైల్లోనే అలవాటు చేయించాలన్నది ఆయన ఉద్దేశం.

ఆ పథకంలో ఒక పెద్ద లోపం ఆయన చేతిలో లేనిది. మార్కులు ఇవ్వగలడు గానీ, వాటి ప్రకారం విడుదల చేసే అధికారం పైవారిది. నమ్మి పనిచేసిన ఖైదీకి చివర్లో విడుదల దొరుకుతుందన్న హామీ లేకపోతే మార్కు వట్టి గీతగా మిగులుతుంది. 1844లో మకానకీని అక్కణ్నుంచి తప్పించారు. ఇచ్చేవారు ఒకరు, చెల్లించాల్సినవారు ఇంకొకరు అయినప్పుడు వచ్చే ఈ చిక్కు ఇవాళ్టి మన రెమిషన్‌లోనూ ఉంది. ఆ సంగతి తర్వాత.

న్యూయార్క్ రాష్ట్రంలో 1876లో తెరిచిన ఎల్మైరా సంస్కరణాలయం ఇదే ఆలోచనను పాఠశాల రిపోర్టు కార్డులా మార్చింది. చదువుకు 3, పనికి 3, నడవడికకు 3, నెలకు మొత్తం 9 మార్కులు. ఆరు నెలలు నిండు మార్కులు తెచ్చుకుంటే రెండో తరగతి నుంచి మొదటి తరగతికి, తప్పితే మూడో తరగతికి. మార్కులు వేసే విచక్షణ అంతా పైనున్న ఒక అధికారి గుప్పిట్లో ఉండిపోయింది. 1890ల్లో అక్కడి దెబ్బల మీద విచారణ జరిగింది. బయటికి సంస్కరణ, లోపల బెత్తం.

మంచం సర్దడం నేర్పవచ్చు, మరి మిగతావి?

1970ల మొదట్లో అలబామాలోని డ్రేపర్ జైలులో జరిగిన ప్రయోగం ఇప్పటికీ చదవదగ్గది, ఎందుకంటే వాళ్లు ప్రతిదీ లెక్కపెట్టారు. వేళకు నిద్ర లేవడం, పక్క సర్దడం, పడుకునే చోటు శుభ్రంగా ఉంచడం, మనిషి చూడ్డానికి శుభ్రంగా ఉండటం అనే ఉదయపు పనులతో పాటు చదువుకు కూడా పాయింట్లు పెట్టారు. ముందు మామూలు జైలు పద్ధతిలో అదిలించి, గదమాయించి చేయించి చూశారు. ఫలితం అంతంతమాత్రంగా ఉండటమే కాక ఘర్షణలు పెరిగాయి. పాయింట్లు మొదలుపెట్టాక పనులు గణనీయంగా మెరుగయ్యాయి. తర్వాత చేసినా చేయకపోయినా పాయింట్లు ఇచ్చారు. మళ్లీ పనులు వెనకబడ్డాయి. పాయింటు ఉండటం కాదు, పనికీ పాయింటుకూ మధ్య ముడి ఉండటమే మనిషిని కదిలిస్తోందని దాంతో తేలింది.

ఆ ఫలితాన్ని రెండో వైపు నుంచి కూడా చదవాలి. ముడి తెగగానే అలవాటూ తెగింది. వాషింగ్టన్‌లో బాలనేరస్తుల శిక్షణాలయంలో 1960ల మధ్యలో హెరాల్డ్ కోహెన్ నడిపిన ప్రయోగం ఇదే విషయాన్ని ఇంకా స్పష్టంగా చూపించింది. పాఠం చదివి పరీక్షలో 90 శాతం పైగా తెచ్చుకుంటే పాయింట్లు. వాటితో సొంత గది అద్దెకు తీసుకోవచ్చు, మంచి భోజనం కొనుక్కోవచ్చు. పాయింట్లు లేనివాడు పస్తులుండడు, సంస్థ పెట్టే మామూలు తిండి, మామూలు పడక అతనికి ఎప్పుడూ ఉంటాయి. చదువులో పిల్లలు బాగా ముందుకెళ్లారు. బయటికెళ్లాక మొదటి ఏడాది మళ్లీ నేరాల్లో పట్టుబడినవారు మామూలు కన్నా బాగా తక్కువ. మూడో ఏడాదికి ఆ తేడా దాదాపు చెరిగిపోయింది. లోపల ప్రతి మంచి పనికీ జవాబిచ్చే ఏర్పాటు ఉంది. గేటు దాటాక ఆ పిల్లవాడి వీధిలో అలాంటిదేమీ లేదు.

కోహెన్ పద్ధతిలో బహుమతి మామూలు జీవితానికి పైన కలిసింది. ఇక మిసోరీ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో అమెరికా ఫెడరల్ జైళ్ల శాఖ 1972లో మొదలుపెట్టిన ‘స్టార్ట్’ కార్యక్రమం సరిగ్గా తలకిందులుగా నడిచింది. ఇతర జైళ్లలో లొంగని ఖైదీలను, వాళ్ల ఇష్టంతో పనిలేకుండా, అక్కడికి తరలించారు. మొదటి మెట్టులో సొంత వస్తువులు లేవు, గది బయట గడిపే సమయం దాదాపు లేదు, స్నానానికీ వ్యాయామానికీ రేషన్. నోరు మెదపకుండా చెప్పినట్టు వింటే ఒక్కో మెట్టు ఎక్కుతూ తీసేసినవాటినే తిరిగి సంపాదించుకోవాలి. చాలామంది సహకరించడానికే నిరాకరించారు. ఖైదీలు కోర్టుకెళ్లారు, 1974లో శాఖే కార్యక్రమాన్ని మూసేసింది. ముందస్తు విచారణ లేకుండా అలా తరలించడం చెల్లదని అదే ఏడాది ఫెడరల్ కోర్టు తేల్చింది. ‘బిహేవియర్ మాడిఫికేషన్’ (నడవడికను మార్చడం) అన్న మాటకే అమెరికా జైళ్లలో చాలాకాలం చెడ్డపేరు రావడానికి ఇలాంటి ప్రయోగాలు కారణం.

జైలు అధికారులు ఈ తేడాను అన్నిటికన్నా ముందు గుర్తుపెట్టుకోవాలి. తిండి, నీళ్లు, స్నానం, మందులు, లాయర్‌తో మాట్లాడటం, కుటుంబంతో కనీస ములాఖత్ ఖైదీకి హక్కుగా అందాలి. వాటిని బహుమతుల జాబితాలోకి నెట్టిన క్షణం అది వేధింపు అవుతుంది. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు ప్రతి జైల్లో సదుపాయాల రూపంలో ప్రోత్సాహక వ్యవస్థ ఉండాలని 95వ నియమంలో చెబుతూనే, కుటుంబంతో సంబంధాన్ని పూర్తిగా నిషేధించడం శిక్షగా వాడకూడదని 43వ నియమంలో హద్దు గీశాయి.

ఇంగ్లండ్ పాతికేళ్ల అనుభవం

ఒక దేశం మొత్తం జైళ్లలో ఇలాంటి పద్ధతిని నడిపితే ఏమవుతుందో ఇంగ్లండ్, వేల్స్ జైళ్లను చూస్తే తెలుస్తుంది. 1990 ఏప్రిల్‌లో మాంచెస్టర్‌లోని స్ట్రేంజ్‌వేస్ జైలు 25 రోజులు ఖైదీల చేతుల్లో ఉండిపోయింది. తర్వాతి సంస్కరణల వరసలో 1995లో ప్రతి జైల్లో మూడు స్థాయిలు వచ్చాయి: బేసిక్, స్టాండర్డ్, ఎన్‌హాన్స్‌డ్. స్థాయి పెరిగితే ములాఖత్‌లు పెరుగుతాయి, సొంత బట్టలు వేసుకునే వీలు, గదిలో టీవీ, సొంత డబ్బులోంచి వాడుకునే మొత్తం పెరుగుతాయి. చాలా ఏళ్లు ఈ వారపు పరిమితి శిక్ష పడినవారికి బేసిక్‌లో 4 పౌండ్లు, స్టాండర్డ్‌లో 15.50, ఎన్‌హాన్స్‌డ్‌లో 25.50గా ఉండేది.

అయిదు జైళ్లలో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు ఆలిసన్ లీబ్లింగ్ బృందం చేసిన మదింపు 1999లో వెలువడింది. ఖైదీల నడవడికలో చెప్పుకోదగ్గ మెరుగుదల కనబడలేదు. జైలు న్యాయంగా నడుస్తోందన్న నమ్మకం, సిబ్బందితో సంబంధాలు తగ్గాయి. కారణం పథకం లక్ష్యంలో కన్నా అది రోజువారీ నడిచిన తీరులో ఉంది. ఒకే పనికి ఒక అధికారి హెచ్చరిక రాస్తే ఇంకొకరు చూసీచూడనట్టు పోతారు. తప్పు చేస్తే రాయడం సిబ్బందికి అలవాటు, మంచి పని రాయడం అదనపు చాకిరీ. దాంతో ఖైదీ ఫైలు నిండా చెడ్డ ఎంట్రీలే పేరుకుంటాయి. బేసిక్‌కు దించడం, విచారణ అవసరం లేని శిక్షగా మారిపోతుంది. పై స్థాయికి చేరినవాడికి ఇంకా ఎక్కడానికి మెట్టు లేదు, ఉన్నది పోగొట్టుకోకుండా కాచుకోవడమే పని.

2013 నవంబర్‌లో అప్పటి న్యాయశాఖ మంత్రి క్రిస్ గ్రేలింగ్ నిబంధనలు బిగించి, కొత్తగా వచ్చిన ప్రతి ఖైదీ ‘ఎంట్రీ’ అనే మరో కింది మెట్టు నుంచి మొదలవ్వాలన్నారు. ఇంటినుంచి వచ్చే పార్సిళ్ల మీద ఆంక్షలు పెట్టడంతో పుస్తకాలు కూడా ఆగిపోయాయి. పుస్తకాన్ని సదుపాయంగా లెక్కగట్టి ఆపడం చట్టవిరుద్ధమని 2014 డిసెంబర్‌లో హైకోర్టు తీర్పు చెప్పింది. ఖైదీ చదువుకోవాలని కోరుకునే వ్యవస్థ తానే పుస్తకాన్ని ఆపేసుకుంది. జైలుకు కొత్తగా వచ్చిన మొదటి వారాలు ఆత్మహత్య ముప్పు ఎక్కువగా ఉండే రోజులు. ఆ రోజుల్లోనే మనిషిని అన్నిటికన్నా కింది మెట్టున నిలబెట్టడం ఏ విధంగా చూసినా పొరపాటే. 2020లో వచ్చిన కొత్త విధానం ఎంట్రీ స్థాయిని ఎత్తేసి, శిక్షించడం కన్నా మంచిని గుర్తించడం మీద దృష్టి పెట్టమని చెప్పింది.

బ్యారక్ స్థాయిలో ఎలా నడపాలి

40 మంది ఉండే ఒక బ్యారక్‌ను తీసుకుందాం. మొదటి రెండు వారాలు ఏమీ ఇవ్వకూడదు, లెక్కపెట్టడమే. లెక్కింపు గంట కొట్టిన 5 నిమిషాల్లో వరుసలోకి వచ్చినవారు ఎందరు, దుప్పటి మడిచినవారు ఎందరు, తరగతికి వెళ్లి చివరిదాకా ఉన్నవారు ఎందరు? ఈ అంకెలు లేకుండా మొదలుపెడితే, తర్వాత పథకం పనిచేసిందో లేదో ఎవరూ చెప్పలేరు. ఎంచుకునే పనులు అయిదుకు మించితే వార్డర్ రాయలేడు. ‘మర్యాదగా ఉండాలి’, ‘సత్ప్రవర్తన చూపాలి’ అన్నవి పనులు కావు, అభిప్రాయాలు. ఇద్దరు వార్డర్లు విడివిడిగా చూసి ఒకే గుర్తు పెట్టగలిగేదే పని. ‘పక్కవాడితో మాటామాటా పెరిగినప్పుడు చెయ్యెత్తకుండా డ్యూటీ అధికారి దగ్గరికి వచ్చి చెప్పాడు’ అన్నది అలాంటిది. ఇలాంటి ఎంట్రీలే నేరప్రవృత్తికి దగ్గరగా ఉంటాయి. దుప్పటి మడతలు ఎన్ని మెరుగైనా అవి జైలు సౌకర్యం కోసమే. అందుకని అయిదింటిలో కనీసం రెండు కోపం, అప్పు, మత్తు, చదువు లాంటి వాటికి సంబంధించినవై ఉండాలి.

ధరల దగ్గరే చాలా పథకాలు కుప్పకూలుతాయి. అయిదు పనులకు తలా 2 పాయింట్ల చొప్పున రోజుకు 10 వస్తాయనుకుంటే, ఒకరోజు కష్టంతో కొనగలిగేది ఏదో ఒకటి ఉండాలి, అది 10 పాయింట్లు. ఒక వారం ఓపిక పట్టేవాడికి 60 పాయింట్లది, నెల దాచేవాడికి 250 పాయింట్లది ఉండాలి. అన్నిటికన్నా చవకైనదే వారం సంపాదన అయితే, ఆత్మనిగ్రహం తక్కువున్నవాళ్లు, అంటే ఈ పథకం అసలు ఎవరికోసమో వాళ్లు, మూడో రోజుకే వదిలేస్తారు. అన్నీ చవకైతే నెలలో పాయింట్లు గుట్టపడి, పనిచేయాల్సిన అవసరమే ఉండదు. గుట్టపడ్డాయని రాత్రికి రాత్రి ధరలు పెంచితే అది మోసమవుతుంది. జాబితాలో కొత్తవి చేర్చడం, మార్పును రెండు వారాల ముందే బోర్డు మీద రాయడం సరైన దారి.

ఇంతకీ ఏమి అమ్మాలి? జైలు క్యాంటీన్‌లో డబ్బుకు దొరికే బిస్కెట్టు, సబ్బు పెడితే పథకం పేదవాడికే పనిచేస్తుంది. ఇంటినుంచి డబ్బు వచ్చే ఖైదీకి పాయింటుతో పనిలేదు, పైగా అతను బిస్కెట్లిచ్చి పక్కవాడి చేత తన పని చేయించుకుంటాడు. కాబట్టి డబ్బుతో దొరకనివి పెట్టాలి: ఇంటికి అదనంగా 5 నిమిషాల ఫోన్, ములాఖత్‌లో మరికొంత సమయం, పడుకునే చోటు ఎంచుకునే వంతు, క్యారమ్స్ లేదా వాలీబాల్‌కు అదనపు గంట, టైలరింగ్, వడ్రంగం లాంటి శిక్షణల్లో ముందు వరుస, కూతురి పుట్టినరోజుకు ఒక ఫోటో తీయించి ఇంటికి పంపే అవకాశం. ఇలాంటి జాబితాను కార్యాలయంలో కూర్చుని రాయకూడదు, ఖైదీలను అడిగి రాయాలి. అధికారులు ఊహించనివి, ప్రభుత్వానికి పైసా ఖర్చులేనివి అందులో చాలా ఉంటాయి.

టోకెన్ చేత్తో పట్టుకునే బిళ్లగా ఉంటే బలవంతుడు లాక్కుంటాడు, పేకాటలో పోతుంది, బీడీలకు మారుతుంది. పేరుమీద రాసిన ఖాతా అయితే లాక్కోలేరు. ఆ ఖాతా రాసే పని ఖైదీ రైటర్‌కో, కన్విక్ట్ ఓవర్సీర్‌కో అప్పగించకూడదు. మన జైళ్లలో సిబ్బంది కొరత వల్ల ఖైదీల మీద ఖైదీలకు పెత్తనం ఇవ్వడం పాత అలవాటు. పాయింట్ల కలం వాళ్ల చేతికి వెళ్లిందంటే వారంలో రేటు ఖరారవుతుంది. వార్డర్ రాయాలి, సాయంత్రం లాకప్‌కు ముందు ఖైదీకి తన లెక్క చూపించాలి, చదువురానివారికి చదివి వినిపించాలి. వారానికోసారి ఇంకో అధికారి 40 మందిలో ఎవరో నలుగురి లెక్కను తన కళ్లతో సరిచూడాలి. తప్పు పడిందంటే చెప్పుకోవడానికి ఒక మనిషి, 48 గంటల్లో జవాబు ఉండాలి. ఇంగ్లండ్‌లో నమ్మకం పోయింది ఇక్కడే.

పాయింట్ల కోత ఉండవచ్చు గానీ చిన్నదిగా ఉండాలి. ఒక్క తప్పుతో నెల కష్టం తుడిచిపెట్టుకుపోతే ఆ మనిషికి మిగతా నెలంతా మంచిగా ఉండటానికి కారణమే ఉండదు. ఖాతా సున్నా కిందికి వెళ్లకూడదు. కొట్లాట, ఆయుధం, లైంగిక దాడి లాంటివి పాయింట్ల లెక్కలోకి రాకూడదు, వాటికి వేరే విచారణ ఉంది. ఒకరి తప్పుకు బ్యారక్ మొత్తం పాయింట్లు కోయడం చూడటానికి సులువైన ఉపాయం. మకానకీ కూడా ఖైదీలను జట్లుగా చేసి ఉమ్మడి బాధ్యత పెట్టాడు. కానీ కెమెరాలేని మూలల్లో ఆ ఉమ్మడి బాధ్యత రాత్రిపూట బలహీనుడి మీద దెబ్బలుగా మారుతుంది. బ్యారక్ అంతటికీ కలిపి అదనపు బహుమతి ఇవ్వవచ్చేమో గానీ, కలిపి కోత పెట్టడం మాత్రం వద్దు.

మందలింపుకూ మెప్పుకూ మధ్య పాళ్ల మీద కూడా ఆధారముంది. అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలో గట్టి పర్యవేక్షణలో బయట ఉన్న నేరస్తుల మీద 2011లో వచ్చిన అధ్యయనంలో, ఒక శిక్షకు కనీసం నాలుగు మెప్పులు పడినప్పుడు కార్యక్రమాన్ని విజయవంతంగా పూర్తిచేసే అవకాశం బాగా పెరిగింది. మెప్పంటే వస్తువే కానక్కర్లేదు. ‘నిన్న సాయంత్రం నువ్వు గొడవలోంచి లేచి వచ్చేశావు, చూశాను’ అని పేరు పెట్టి పిలిచి చెప్పిన మాట, సాదా ‘బాగుంది’ కన్నా ఎక్కువ పనిచేస్తుంది. ఎందుకు బాగుందో అందులో ఉంది.

రెండు మూడు నెలలకు అలవాటు నిలదొక్కుకున్నాక పాయింట్లను పలచబరచాలి. రోజూ ఇచ్చేది వారానికి కొన్ని రోజులు, అదీ ముందుగా చెప్పకుండా చూసి ఇవ్వాలి. దాని చోటులోకి కూలి, చదువు, శిక్షణ, నమ్మకంతో అప్పగించిన బాధ్యత రావాలి. ఈ దశను ఎగ్గొట్టినవారికే కోహెన్ మూడో ఏడాది ఫలితం ఎదురవుతుంది. ఫలితాలు చూసేటప్పుడు ఇంకో జాగ్రత్త: రికార్డులో గొడవలు తగ్గడం, గొడవలే తగ్గడం ఒకటి కాదు. పాయింట్లు పోతాయని బాధితుడు నోరు విప్పకపోవచ్చు, బ్యారక్ పేరు పోతుందని వార్డర్ రాయకపోవచ్చు. జైలు ఆసుపత్రిలో గాయాల రిజిస్టర్‌ను పక్కన పెట్టుకుని చూస్తే నిజం బయటపడుతుంది.

రోజుల లెక్కను దగ్గరికి తేవడం

శిక్ష తగ్గింపును కూడా పనికి గట్టిగా ముడివేయవచ్చని బ్రెజిల్ చూపించింది. అక్కడ 3 రోజుల పనికి 1 రోజు, 12 గంటల చదువుకు 1 రోజు తగ్గుతాయి. 2012 నుంచి ఫెడరల్ జైళ్లలో ఒక పుస్తకం చదివి, దాని గురించి సొంతంగా రాసిచ్చి ఒప్పిస్తే 4 రోజులు తగ్గుతాయి, ఏడాదికి 12 పుస్తకాలు, 48 రోజుల దాకా. ఏ పనికి ఎన్ని రోజులో ఖైదీకి ముందే తెలుసు. పుస్తకానికి వచ్చే ఈ 4 రోజులను మన నెలకు 3 రోజుల లెక్కతో పోలిస్తే తేడా పరిమాణంలో పెద్దగా లేదు. ఉన్నదల్లా ముడిలోనే. మన గ్రంథాలయాలున్న సెంట్రల్ జైళ్లలో దీన్ని అమలు చేయడానికి నిబంధనల సవరణ తప్ప పెద్ద ఖర్చు లేదు.

అమెరికా 2018లో తెచ్చిన ఫస్ట్ స్టెప్ చట్టం అర్హులైన ఫెడరల్ ఖైదీలకు శిక్షణలో గడిపిన ప్రతి 30 రోజులకు 10 రోజులు, ముప్పు తక్కువగా ఉండి అలాగే నిలకడగా ఉన్నవారికి మరో 5 రోజులు ఇస్తామంది. చట్టం బాగుంది, లెక్క మాత్రం ఏళ్లపాటు సమయానికి అందలేదు. సంపాదించిన రోజులు కంప్యూటర్‌లో ఎక్కక, విడుదల కావాల్సిన తేదీ దాటాక కూడా లోపలే ఉండిపోయిన ఖైదీలు కోర్టులకెళ్లాల్సి వచ్చింది.

రోజులు జమచేసేవారికీ విడుదల చేసేవారికీ మధ్య ఉండే గండి మన దగ్గర యావజ్జీవ ఖైదీల విషయంలో మరీ వెడల్పు. యావజ్జీవం అంటే జీవితాంతం అనీ, రెమిషన్ జమైనంత మాత్రాన విడుదల హక్కు రాదనీ 1961లోనే సుప్రీంకోర్టు తేల్చింది. మరణశిక్షకు కూడా వీలున్న నేరాల్లో యావజ్జీవం పడినవారు కనీసం 14 ఏళ్లు లోపల గడపాల్సిందేనని పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 433-ఏ, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 475వ సెక్షన్ చెబుతున్నాయి. ఆ తర్వాత కూడా నిర్ణయం జైలుది కాదు, ప్రభుత్వానిది. 2000 నాటి లక్ష్మణ్ నస్కర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన అయిదు గీటురాళ్లు నేరం సమాజాన్ని ఎంత ప్రభావితం చేసింది, మళ్లీ చేసే అవకాశముందా, నేరం చేయగల శక్తి ఇంకా ఉందా, లోపలే ఉంచడం వల్ల ప్రయోజనముందా, కుటుంబ పరిస్థితి ఏమిటి అన్నవి. పద్నాలుగేళ్ల నడవడిక వీటిలో పరోక్షంగానే కనిపిస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి విడుదలలు ప్రభుత్వ ఉత్తర్వులతో విడతలుగా జరుగుతుంటాయి. 2024 జూలైలో తెలంగాణ ఒకేసారి 213 మందిని వదిలింది. విడుదలైనవారికి అది పండగే. కానీ తర్వాతి విడత ఎప్పుడో, తన పేరు ఉంటుందో లేదో తెలియని ఖైదీకి అది అదృష్టంలా కనబడుతుంది, తన నడవడికకు ఫలితంలా కాదు. అర్హత వచ్చినవారి పేర్లను వాళ్లు అర్జీ పెట్టకపోయినా ప్రభుత్వాలే పరిశీలించాలనీ, తిరస్కరిస్తే కారణాలు చెప్పాలనీ 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. కారణం చెప్పడం అన్న ఆ చిన్న నియమం సరిగ్గా అమలైతే, తిరస్కరణ కూడా ఖైదీకి ఏం మార్చుకోవాలో చెప్పే కాగితమవుతుంది.

పనికి ఇచ్చే రోజుల్లో ఇంకో అన్యాయం దాగి ఉంది. నెలకు 8 రోజులు వచ్చే పనులు ఎవరికి దక్కుతాయి? కొన్ని రాష్ట్రాల జైలు నిబంధనలు వంటపని ఒక కులానికి, పాకీపని ఇంకో కులానికి అని నిర్మొహమాటంగా రాసుకున్నాయి. 2024 అక్టోబర్ 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి నిబంధనలన్నిటినీ రాజ్యాంగవిరుద్ధమని కొట్టేసింది. పని పంపకం కులాన్ని బట్టి జరిగినచోట ఆ పనికి ఇచ్చే ప్రతిఫలాన్ని సత్ప్రవర్తన ఖాతాలో వేయడానికి వీల్లేదు. పనుల జాబితా, ఖాళీలు, వంతులు గోడమీద అందరికీ కనబడేలా రాయడం తీర్పు అమలుకు మొదటి మెట్టు.

కోహెన్ పిల్లలకు బయట దొరకనిది ఇక్కడ దొరికే చోటు ఓపెన్ జైలు. శిక్షలో కొంత భాగం పూర్తిచేసి, మంచి రికార్డు ఉన్నవారిని అక్కడికి పంపుతారు. తెలంగాణలో చర్లపల్లిలో, ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం దగ్గర ఖైదీల వ్యవసాయ క్షేత్రాలున్నాయి. రాజస్థాన్‌లో సాంగానేర్ శిబిరంలో ఖైదీ కుటుంబంతో కలిసి ఉంటూ పొద్దున్నే బయటికెళ్లి కూలి సంపాదించుకుని సాయంత్రం హాజరుకు తిరిగొస్తాడు. మంచి నడవడికకు జవాబిచ్చేది అక్కడ జైలు కాదు, యజమాని, భార్యాపిల్లలు, ఇరుగుపొరుగు. విడుదలయ్యాక కూడా వాళ్లే ఉంటారు. కిక్కిరిసిన జైళ్లకు ఇదొక పరిష్కారమని 2024లో సుప్రీంకోర్టు కూడా ఈ జైళ్ల విస్తరణ వైపు మొగ్గింది. చాలా రాష్ట్రాల్లో మహిళా ఖైదీలకు ఇప్పటికీ ఈ తలుపు తెరుచుకోలేదు.

ఇదంతా శిక్ష పడినవారి సంగతి. 2022 చివరికి మన జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. వంద మంది పట్టే చోట 131 మంది ఉన్నారు. శిక్షే పడనివారికి తగ్గించడానికి రోజులు లేవు, కాబట్టి జైల్లో నాలుగింట మూడొంతుల మందికి రెమిషన్ అసలు వర్తించదు. బ్యారక్ స్థాయి పాయింట్లు, ఫోన్ నిమిషాలు, చదువు మాత్రమే వారికి ఇవ్వగలిగినవి. నేరం రుజువు కానివారిని పాయింట్ల కోసం పని చేయమని ఒత్తిడి చేయడమూ కుదరదు, ఇష్టపడితేనే చేర్చుకోవాలి. వాళ్లకు అన్నిటికన్నా పెద్దది చట్టం ఇప్పటికే ఇచ్చింది. బీఎన్‌ఎస్‌ఎస్ 479వ సెక్షన్ ప్రకారం గరిష్ఠ శిక్షలో సగం కాలం, గతంలో ఏ నేరంలోనూ దోషిగా తేలనివారైతే మూడో వంతు కాలం లోపల గడిపితే బెయిల్ మీద విడుదలకు అర్హులు. మరణశిక్ష, యావజ్జీవం పడగల నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవారికి మాత్రం ఇది వర్తించదు. ఆ గడువు నిండగానే కోర్టుకు రాతపూర్వకంగా దరఖాస్తు చేయాల్సిన బాధ్యతను చట్టం జైలు సూపరింటెండెంట్ మీదే పెట్టింది. ప్రతి బ్యారక్‌లో ఎవరి గడువు ఏ తేదీకి నిండుతుందో రాసిన జాబితా పెట్టి, ఆ తేదీన ఆ దరఖాస్తు వెళ్లిందో లేదో పక్కనే టిక్కు పెట్టే జైలు ఇచ్చే పాయింట్లను ఖైదీ నమ్ముతాడు.